తప్పు నాది కాదని తేలిన రోజు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటర్ పెట్టెలో మదర్‌బోర్డుకు గుచ్చుకుని అడ్డంగా ఉంటాను. ఒంటి మీద రెండు ఫ్యాన్లు, వాటి కింద రేకుల వరుస, ఆ రేకుల అడుగున గోరంత చిప్పు. ఆ చిప్పు ఒకప్పుడు ఇసుక. ఇసుకను కరిగించి, శుద్ధి చేసి, అద్దంలాంటి పలకగా మార్చి, దాని మీద కంటికి కనబడని దారులు చెక్కారు. కొలిమిలోంచి వచ్చినదాన్ని కాబట్టి వేడికి బెదరను. తెర మీద మీరు చూసే ఆకాశం, వాన, గోడ మీది పగులు, అన్నీ నేను గీసినవే. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను.

నా మొదటి యజమాని ఫిరోజ్. హనుమకొండ నయీంనగర్‌లో గేమింగ్ సెంటర్ నడిపేవాడు. కాలేజీ ఎగ్గొట్టి వచ్చినవాళ్లు నా ముందు కూర్చుని యుద్ధాలు చేసేవారు. గెలిస్తే అది వాళ్ల ప్రతిభ. ఓడితే మాత్రం "నీ కంప్యూటర్ స్లో ఉన్నది భాయ్" అని ఫిరోజ్ మీద అరిచేవారు. మనుషుల ఈ గుణం నాకు అక్కడే పరిచయమైంది. తర్వాత ఆటలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయి జనం పలచబడ్డారు. ఫిరోజ్ సెంటర్ మూసేసి, మా పెట్టెను కావేరికి అమ్మాడు.

కావేరి కాజీపేట రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. నన్ను కొన్నది తన కోసం కాదు, తండ్రి కోసం. ఆమె తండ్రి యాకయ్య లోకో పైలట్. ఇరవై ఏళ్లకు పైగా గూడ్సు బండ్లు నడిపిన మనిషి. గుండెకు స్టెంటు వేశాక రైల్వే డాక్టర్లు ఇక ఇంజను ఎక్కొద్దన్నారు. ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. కావాలంటే ట్రైనింగ్ స్కూల్లో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పమని కూడా అడిగారు.

"బండి దిగినోడు బండి నడుపుడు ఏం చెప్తడు?" అని యాకయ్య ఒప్పుకోలేదు.

ఇంట్లో మాట తగ్గించేశాడు. రైలు కూత వినబడితే లేచి కిటికీ మూసేవాడు. కాజీపేటలో ఆ పని పెట్టుకున్నవాడికి కూర్చునే తీరిక ఎక్కడ దొరుకుతుంది!

కావేరి మా పెట్టెలో రైలు నడిపే ఆట పెట్టింది. యాకయ్య దాని వంక చూడలేదు. అప్పుడు ఆయన భార్య సుగుణ వంటింట్లోంచి వచ్చి కుర్చీ లాగింది.

"డాక్టర్ ఇంజన్ ఎక్కద్దన్నడు గనీ కుర్చీ ఎక్కద్దన్లే. కూసో."

కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను ఆయనకు ఒక రైలుమార్గం గీసి చూపించాను. పట్టాల పక్క ఎండుగడ్డి, దూరంగా గుట్టలు, వంపు తిరిగాక కనబడే సిగ్నల్ దీపం. యాకయ్య చెయ్యి కీబోర్డు మీద దానంతటదే కుదురుకుంది. వంతెన వచ్చేసరికి ఆయన పెదాలు కదిలాయి. ఇంజన్‌లో పక్కనుండే సహాయకుడితో చెప్పినట్టు సిగ్నల్ రంగు పైకి పలుకుతున్నాడు. సుగుణ గుమ్మంలోనే ఆగిపోయి వింది. ఎన్నో యుద్ధాలు గీశాను గానీ అంతటి గెలుపు నేను చూడలేదు.

చిక్కు పెద్ద జంక్షన్ దగ్గర వచ్చింది. అక్కడ పది దారులు కలుస్తాయి, ఎటు చూసినా బండ్లే. యాకయ్య బండి స్టేషన్‌ను సమీపించగానే తెర ఒక్కసారి బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి బండి ఎర్ర సిగ్నల్ దాటేసి ఉంది. ఆయన సర్వీసు మొత్తంలో ఎర్ర సిగ్నల్ దాటలేదు. పైలట్‌కు అంతకు మించిన మచ్చ లేదు. మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"నా చెయ్యి పోయింది సుగుణా. డాక్టర్లు నన్ను దించి మంచి పనే చేసిన్రు."

"నీ చెయ్యి కాదు బాపూ, కంప్యూటరే ఆగి ఆగి నడుస్తున్నది" అంది కావేరి. ఆమె షాపుకు ఫోన్ చేసింది. బొమ్మ ఆగుతోందంటే గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. ఫిరోజ్‌కు చేసింది. ప్రాసెసర్ మార్చమన్నాడు. రెండూ కొనే వీలు లేదు. కావేరి నా వంకే చూసింది. "కార్డే పాతదైంది. దీన్ని తీసేసి కొత్తది వేద్దాం."

నాకు నోరు లేదు. ఉంటే చెప్పేదాన్ని. ఏ బండి ఎక్కడుందో, ఏ సిగ్నల్ ఎప్పుడు మారాలో లెక్క కట్టేది ప్రాసెసర్. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది నేను. లెక్క అందకపోతే నేను ఏం గీస్తాను? అయినా లోకానికి కనబడేది బొమ్మే కదా, నింద దానికే!

కావేరి స్క్రూడ్రైవర్ తెచ్చింది. మూత విప్పుతుంటే మంచం మీద అటు తిరిగి పడుకున్న యాకయ్య ఇటు తిరిగాడు.

"ఆగు బిడ్డా. దానిదే తప్పు అని ఎట్ల చెప్తున్నవ్?"

"షాపాయన చెప్పిండు."

"బండి నడుమ దారిల మొరాయిస్తే ఇంజన్ మార్చుమని కూసుంటమా? ఒక్కొక్కటి పక్కకు పెట్టి చూసుకుంట, తప్పు యాడున్నదో పట్టాలె." లేచి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. "ఈ కార్డు పనేంది?"

"బొమ్మ గీసుడు."

"అయితే దాని పని తక్కువ చెయ్యి. బొమ్మ నాసిగ వచ్చినా మంచిదే."

కావేరి ఆట సెట్టింగుల్లోకి వెళ్లి నా పని దాదాపు తీసేసింది. గడ్డి పోయింది, వాన పోయింది, గుట్టలు అట్టముక్కల్లా అయ్యాయి. సిగ్గుతో గీశాను. జంక్షన్ వచ్చింది. తెర మళ్లీ అక్కడే బిగుసుకుంది.

"చూసినవా? బరువు దించినా అట్లనే ఉన్నది. ఇప్పుడు బొమ్మ ఎప్పటి తీరుగ పెట్టు. ఆ మిగిలిన బండ్లన్నీ తీసెయ్యి."

ఈసారి ఆకు ఆకునూ గీశాను. పట్టాల మీద మా బండి ఒక్కటే. జంక్షన్‌లోకి నూనె పోసినట్టు జారింది, ఎక్కడా తడబడలేదు. కావేరి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

"బండ్ల లెక్క చూసేది ప్రాసెసర్ బాపూ. దానికే మోయరాకుండ అయితున్నది."

"గది దొరికింది" అన్నాడు యాకయ్య. ఆ గొంతు ఇంట్లో విని చాలా కాలమైనట్టుంది. సుగుణ చేతిలోని గరిటెతో సహా వచ్చి నిలబడింది. "దీని తప్పు లేదు. నా చేతిది గూడ లేదు."

వారంలో మా మదర్‌బోర్డుకు సరిపడే కొత్త ప్రాసెసర్ వచ్చింది. పాతవాడిని తీసినప్పుడు నేను సంతోషపడలేదు. మోయగలిగినంత మోశాడు. ఇప్పుడు ఫిరోజ్ కొత్తగా పెట్టుకున్న దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్‌లో సుఖంగా ఉన్నాడట.

ఆ ఆదివారం యాకయ్య మళ్లీ జంక్షన్‌కు బయలుదేరాడు. ఆటలో వాన పెట్టమన్నాడు, బండ్లన్నీ ఉంచమన్నాడు. కొత్త ప్రాసెసర్ లెక్కలు గుమ్మరిస్తుంటే నా రెండు ఫ్యాన్లూ రయ్యిమన్నాయి. ఒక్కో వాన చినుకూ గీశాను. వాన తెరల వెనక ఎర్రదీపం వెలిగింది. యాకయ్య బ్రేకు వేశాడు. బండి బరువుగా నెమ్మదించి, సిగ్నల్‌కు ఇవతలే నిలిచింది.

"ఆగిందా?" అని అడిగింది సుగుణ.

"ఆగింది." ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి ట్రైనింగ్ స్కూల్‌కు పంపమని తానే అడిగాడు. మొదటి క్లాసులో ఇంజన్ సంగతి ఎత్తనే లేదట. నన్ను ఎలా పరీక్షించిందీ చెప్పాడట. రైలింజన్లు నడపడం నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం నేను! నా జాతిలో ఇంకెవరికైనా ఈ గౌరవం దక్కిందేమో కనుక్కుని చెప్పండి.

మొన్న కావేరికి బోనస్ వచ్చింది. "ఇప్పుడు కార్డు గూడ మారుద్దామా బాపూ? కొత్తయి మస్తుగ వచ్చినయ్" అంది.

యాకయ్య తెర మీంచి చూపు తిప్పలేదు.

"పని చేసేదాన్ని ఎందుకు దించుతవ్ బిడ్డా?"

కావేరి పెట్టె మూత విప్పింది. ఒక మెత్తటి గుడ్డ తెచ్చి, నా ఫ్యాన్ల మీది దుమ్ము తుడిచి, మూత బిగించింది.