చివర వచ్చేవాళ్ల బకెట్

బోధన్‌లో మా పాత ఇల్లు అద్దెకిచ్చినప్పుడు, అద్దంలా మెరిసే రాగి బాయిలర్‌ను కూడా ఇంటితోపాటే ఇచ్చాను. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు, కింద నల్లా. వయసులో నాకన్నా పెద్దది, పొట్టలో మాత్రం నా తర్వాతే. కిరాయికి దిగిన మన్సూర్‌కు తాళంచెవితోపాటు మా ఇంటి షరతు కూడా అప్పజెప్పాను: చివర స్నానం చేసినవాళ్లు అందులో ఒక బకెట్ నీళ్లు పోసి పెట్టాలి. ఖాళీగా ఉంటే నిప్పు సెగకు అతుకుల మాటు ఊడుతుంది. మనిషి మాట తప్పినా రాగికి మాటు తప్పకూడదు కదా!

అసలు ఆ బకెట్ మా బాపు, అంటే మా నాన్న ముత్యం, పెట్టిన ఆనవాయితీ. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, మధ్యాహ్నం షిఫ్టు దిగి కోటగిరి వైపు సైకిళ్ల మీద పోయేవాళ్లు ఒంటిమీది చెరకు మడ్డి కడుక్కోవడానికి మా ఇంట్లో ఆగేవారు. "ఎవరొచ్చినా నీళ్లుంటయి, పోసుకొని పోండ్రి" అనేవాడు బాపు. వాళ్లందరి తర్వాత, ఆఖరున తను. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. బాపు పోయాడు. బకెట్ మిగిలింది.

మొన్న మన్సూర్ ఫోన్ చేశాడు.

"రవీందరన్నా, ఆ బాయిలర్ తీసేసి గీజర్ పెట్టియ్యి. లేకుంటే ఇల్లు ఖాళీ చేస్తం."

"ఏమైందిరా, పొగ ఎక్కువైందా?"

"పొగ గాదన్నా. మేం ముట్టియ్యకున్నా కాగుతుంది."

"కాగితే కాగనీ. కట్టెలు కొట్టే బాధ తప్పింది గదా!"

నవ్వింది నేనొక్కణ్నే.

మరునాడు పోయాను. మన్సూర్ భార్య కుబ్రా నెలల బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది.

"భాయ్, ఇన్నొద్దులు నేనేం భయపడలే. దినాం బకెట్ పోసి పెడుతుంటి. ఎవరో వచ్చి తానం జేసి పోతుండె. పోనీ, మన సొమ్మేం బోయింది! మొన్న బిడ్డకు నీళ్లు సాలక ఆ బకెట్ గూడ వాడిన. నల్లటి అడుగులు గిదో, గీ గడప దాంక వచ్చినయి. నిన్న మర్సిపోయిన. ఉయ్యాల దాంక వచ్చినయి."

"ఈ రోజు పోసినవా?"

"పోసిన. కూసోని సూడు."

ఎండ నిప్పులు చెరుగుతోంది. స్నానాల గది తలుపు తీసి పెట్టి, ముగ్గురం వసారాలో కూర్చున్నాం. షిఫ్టు విడిచే వేళకు బాయిలర్ మెల్లగా రాగం అందుకుంది. రాగి కదా, రాగం తీయదా అనబోయాను. కుబ్రా బిడ్డను గట్టిగా హత్తుకోవడం చూసి మానుకున్నాను. ఈ ఊళ్లో ఎన్నో ఏళ్లుగా ఎక్కడా కనబడని చెరకు పిప్పి కాలుతున్న వాసన వస్తోంది. నల్లా దానంతటదే తిరిగింది. నీళ్లు పడ్డాయి. ఆ తర్వాత బండల మీద తడి అడుగులు, ఒకదాని తర్వాత ఒకటి, బయటి వాకిలి వైపు పోయాయి. ఎడమ పాదానికి బొటనవేలు లేదు.

బాపు ఎడమ బొటనవేలు ఫ్యాక్టరీలో మిల్లు కింద పడి పోయింది.

ఇక బేరం లేదు, బెదురే. ఆ సాయంత్రమే గీజర్ బిగించారు. బాయిలర్‌ను ట్రాలీ ఆటో ఎక్కించాను. ఊరికే తీసుకుపోతే బాపు ఏమనుకుంటాడోనని, రాగి మీద చెయ్యి పెట్టి, నాకున్న గొంతుతో వీధి వీధంతా వినబడేలా అన్నాను:

"బాపూ, నడువు! నిజామాబాద్‌ల మా ఇంటికి పోదాం. ఎవరొచ్చినా నీళ్లుంటయి!"

మర్నాడు మన్సూర్ ఫోన్. "అడుగులు లేవన్నా. బిడ్డ కమ్మగ పన్నది."

మా ఇంటి వెనక బాయిలర్ నిలబెట్టి, ఒక బకెట్ పోశాను. నా భార్య ఉమారాణి మూతి తిప్పింది. "మామ బతికున్నప్పుడు ఒక్కనాడు నీళ్లు తోడనోనివి, ఇప్పుడు పోస్తున్నవ్!"

మధ్యాహ్నం పిప్పి వాసన వచ్చింది. నల్లా తిరిగింది. సంతోషంగానే లేచి చూశాను. బండల మీద తడి అడుగులు. రెండు పాదాలకూ అన్ని వేళ్లూ ఉన్నాయి. వాటి వెనక ఇంకో జత. ఇంకో జత. చెప్పుల గుర్తులు, పగిలిన మడమలు, సైకిల్ టైరు తడిచార. వాకిలంతా తొక్కిపోయారు. కోటగిరివాళ్లంతా వచ్చారు. ఎవరొచ్చినా అని పిలిచింది నేనే కదా.

నల్లా బుసబుసలాడి ఆగిపోయింది. ఒక్క బకెట్ ఎంతమందికి వస్తుంది?

అప్పుడు, అందరి తర్వాత, గేటు వైపు నుంచి ఎడమ బొటనవేలు లేని అడుగులు వచ్చాయి. ఇవి మాత్రం తడివి కావు. నల్లటి మడ్డి మరకలు. బాయిలర్ దగ్గర కాసేపు ఆగాయి. తర్వాత మా వైపు తిరిగాయి. ఒక అడుగు. ఇంకొకటి.

"ఏం జూస్తున్నవయ్యా!" ఉమారాణి నా చేతిలో ఖాళీ బకెట్ కుక్కింది. "గడప దాటక ముందే నీళ్లు పొయ్యి!"

నేను గోడ నల్లా తిప్పాను. మునిసిపాలిటీ నీళ్లు ఆ రోజు రాలేదు.