వేలు తీసినా నీలమే

ఆరో ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఎడమచెయ్యి నొప్పి పెట్టింది. పని చేసేది కుడిచెయ్యి, నొప్పి మాత్రం ఎడమచేతికి. కుడి మణికట్టును బల్ల అంచుకు అదిమి, ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, చూపుడువేలు ఒక్కటే ముందుకు చాచి తెర మీది "సాయం కావాలి" అన్న అక్షరాలను తాకింది. నల్లటి అక్షరాలు నీలమయ్యాయి. వేలు తీసింది. మళ్ళీ నల్లబడ్డాయి. కింద "కబురు వెళ్ళింది" అని చిన్న పలక తేలి మాయమైంది. పక్కనున్న కాగితం మీద టిక్కు పెట్టి, కుర్చీని జరుపుకుని ఏడో ఫోను ముందు కూర్చుంది.

బల్ల మీద తొమ్మిది ఫోన్లు వరసగా, చెక్క స్టాండ్లలో ఏటవాలుగా నిలబడి ఉంటాయి. ఒకటి కొత్తది, ఒకటి అద్దం పగిలింది, ఒకటి ఆఫీసులో అందరికంటే సీనియరు. ఎవరో ఒక యాప్ తయారుచేస్తారు, అది జనంలోకి వెళ్ళే ముందు ఈమె ఈ తొమ్మిదింటి మీదా తాకి చూస్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే ఉద్యోగం. "తాకితే జీతమిస్తారా?" అని ఆడపడుచు ఓసారి నవ్వితే, "మీరు రోజూ తిడుతున్నా ఎవరూ ఇవ్వట్లేదుగా వదినా, దానికన్నా నయం" అంది. ఆ తర్వాత ఇంట్లో ఆ ప్రసక్తి రాలేదు.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్ని. వయసు యాభై నాలుగు. జుట్టు ముందువైపు మాత్రం నెరిసింది. ఎవరైనా హడావుడిగా వచ్చి "పిన్నీ, అర్జెంటు" అంటే, కళ్ళజోడు మీది నుంచి చూసి "అర్జెంటయితే నిన్ననే రావాల్సింది" అంటుంది. అంటూనే పని మొదలుపెడుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న యాప్ మంచం దిగలేనివాళ్ళ కోసం. ఇంట్లో ఒంటరిగా పడుకున్న రోగి ఆ రెండు మాటలను తాకితే దగ్గర్లో ఉన్న నర్సుకు కబురు వెళుతుంది. వేలు ఆనినప్పుడు అక్షరాలు నీలమవడం అలంకారం కోసం కాదు. నువ్వు తాకావు, నాకు తెలిసింది అని ఫోను చెప్పే మాట అది. మనిషి ఆ మాట నమ్మి చెయ్యి దించేసుకుంటాడు.

మూడు రోజుల కిందట ఆ మాట అబద్ధమైంది. రెండో ఫోను దగ్గర, పెన్ను అందుకోవడానికి ఎడమచెయ్యి వదిలేసి, ఒక్క కుడిచేత్తోనే అక్షరాలను తాకింది. నీలమయ్యాయి. వేలు తీసింది. నీలంగానే ఉండిపోయాయి. కింద పలక రాలేదు, కబురు వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, అలాగే పదిసార్లు తాకింది. నాలుగుసార్లు నీలం అతుక్కుపోయింది. మణికట్టు పట్టుకుని తాకితే పదికి పదీ సరిగ్గా ఉన్నాయి.

ఎందుకో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసినా తప్పుల రిజిస్టర్లో మూడే దశలు రాసింది. ఒకటి, యాప్ తెరవాలి. రెండు, అక్షరాలను తాకాలి. మూడు, వేలు తీయాలి. ఆమె రాత మామూలుగా అలా ఉండదు. "పిన్ని రాస్తే ఇంట్లోంచి చెప్పులేసుకుని బయల్దేరిన దగ్గర్నుంచి రాస్తుంది" అని ప్రోగ్రామరు ఏడిపించేవాడు. అలాంటి మనిషి ఈసారి ఒక దశ మింగేసింది.

ప్రోగ్రామరును అందరూ గడ్డం అంటారు. ముప్పై తొమ్మిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆలోచించేటప్పుడు గడ్డంలోకి పెన్సిలు దూర్చుకుంటాడు. ఆ మూడు దశలనూ నలభైసార్లు చేశాడు. స్థిరమైన వేలు దిగింది, లేచింది. నీలం వచ్చింది, పోయింది. "ఈ తప్పు నా దగ్గర రావట్లేదు" అని రాసి ఫిర్యాదు మూసేశాడు. ఆమె దాన్ని మళ్ళీ తెరిచింది. ఈ పొద్దున్న మళ్ళీ మూసేశాడు.

ఆమె కుడిచేతికి వణుకు మొదలై ఎనిమిది నెలలయింది. ముందు ఉంగరం వేలు ఒక్కటే, ఎవరో లోపల్నుంచి దారం లాగుతున్నట్టు కదిలేది. తర్వాత పక్క వేళ్ళు కూడా దానికి తోడయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే దానికో పేరు పెడతాడు, పేరు పెట్టాక అది ఇంట్లో మనిషిలా కూర్చుండిపోతుందని భయం. అంతకంటే పెద్ద భయం ఈ బల్ల గురించి. తాకడమే పనిగా బతికే మనిషికి చెయ్యి వణికితే ఇంకేం మిగులుతుంది? అందుకే అరగంట ముందొచ్చి, ఎవరూ రాకముందే కష్టమైన పనులు కానిచ్చేది. నడిచేటప్పుడు ఫైలును కుడిచేత్తో గుండెలకు హత్తుకునేది. ఫైల్లో ఏమీ ఉండేది కాదు.

పదకొండున్నరకు టీమ్ లీడు వచ్చింది. ఈమెకంటే పదేళ్ళు చిన్నది. ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది.

"పిన్నీ, నాలుగింటికి యాప్ బయటికి పంపించేస్తున్నాం. మీ సంతకం ఒక్కటే మిగిలింది."

"మరి ఆ నీలం సంగతి?"

"గడ్డం నలభైసార్లు చూశాడట కదా. మీరు చూపిస్తే ఆపేస్తాను. చూపించగలరా?"

ఆమె ఫోన్ల వైపు చూసి, కాగితం సర్ది, "భోజనమయ్యాక చూస్తాను" అంది. లీడు సరేనని వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర కిటికీ పక్కన ఒక బెంచీ ఉంది. ఎనిమిది నెలలుగా ఆమె భోజనం అక్కడే, చెంచాతో, గోడవైపు తిరిగి. ఈ రోజు డబ్బా మూత తీసి ఊరికే కూర్చుంది. ఎక్కడో ఒక గదిలో, ఎవరో ముసలావిడ వణికే వేలితో ఆ అక్షరాలను తాకుతుంది. నీలమవుతాయి. హమ్మయ్య, నర్సు వస్తోందనుకుని కళ్ళు మూసుకుంటుంది. గంట గడుస్తుంది, రెండు గంటలు గడుస్తాయి. ఫోను తెర మీద నీలం అలాగే ఉంటుంది. సంతకం పెడితే ఆ ముసలావిడకు చెప్పే అబద్ధం కింద తన పేరుంటుంది. పెట్టకపోతే ఎందుకో చెప్పాలి.

అప్పుడే భర్త ఫోను చేశాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీ దొరికితే తిన్నావా అని అడగడం అలవాటు.

"తిన్నావా?"

"ఆ, తింటున్నా."

"గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదండీ. ఒక తప్పు దొరికింది. నాకు తప్ప ఎవరికీ కనబడట్లేదు."

"నీకు కనబడిందిగా. వాళ్ళకి చూపించు."

"చూపిస్తే నాది కూడా బయటపడుతుంది."

అవతల ఆయన బస్సు స్టార్టు చేసిన చప్పుడైంది.

"పడితే పడనీ," అన్నాడు. "నీ వాచీ బెల్టు రోజూ పొద్దున్నే నేను పెడుతోంది ఎందుకనుకున్నావ్? ఈ వయసులో ప్రేమ పొంగుకొచ్చా?"

ఆమె నిజంగా అలాగే అనుకుంది. ఆ సంగతి ఒప్పుకోవడం సిగ్గనిపించి, "చాల్లెండి, ముందు రోడ్డు చూసుకోండి" అంది. ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళు నిండాయి. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఆమె దాచుకుంటూ ఉంటే, చూడనట్టు నటిస్తూ ఆయన. ఇద్దరూ ఒకే గుట్టును చెరో వైపు మోశారు. డబ్బాలో అన్నం చల్లారిపోయినా ఆఖరి మెతుకు దాకా తింది.

రెండున్నరకు రెండో ఫోనును స్టాండులోంచి తీసుకుని గడ్డం బల్ల దగ్గరికి నడిచింది. ఫైలు తీసుకోలేదు.

"ఇక్కడ చూడు. ముందు మామూలుగా చేస్తాను." ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని తాకింది. నీలం వచ్చి పోయింది. "ఇప్పుడు ఇలా." ఎడమచెయ్యి వదిలేసి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి గాల్లోనే వణికింది. వణుకుతూనే దిగి అక్షరాల మీద ఆనింది, లేచింది. అక్షరాలు నీలంగా ఉండిపోయాయి.

గడ్డం తెరను చూడలేదు. చేతినే చూశాడు.

"పిన్నీ... ఎన్నాళ్ళ నుంచి?"

"నా సంగతి తర్వాత. ముందు దాని సంగతి చూడు."

"ఇంకొక్కసారి తాకండి. కొంచెం నెమ్మదిగా." కంప్యూటరుకు వైరు తగిలించి, తెర మీద పరుగెత్తే అంకెలు చూశాడు. పెన్సిలు గడ్డంలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "అర్థమైంది. వేలు కదలడంతో పేజీ వెంట్రుకవాసి పైకి జరుగుతోంది. పేజీ జరిగితే, మీరు తాకింది తాకడానికి కాదు, జరపడానికని ఫోను అనుకుంటుంది. తాకిడిని రద్దు చేసేస్తుంది. రద్దయితే రంగు వెనక్కి తీసుకోమని నేను రాయనేలేదు."

"ఎందుకు రాయలేదు?"

"వేలు దిగుతుంది, లేస్తుంది, అంతే అనుకున్నా. మధ్యలో వణుకుతుందని తట్టలేదు."

"మంచం దిగలేనివాళ్ళ కోసం చేస్తూ తట్టలేదా నీకు?" ఆమె కోపంగానే అంది. తర్వాత మెత్తబడింది. "నాకు తట్టి కూడా రాయలేదు. మన ఇద్దరిలో నా తప్పే పెద్దది."

గంటన్నర పట్టింది. అతను రాయడం, ఆమె తాకడం. మొదటిసారి నీలం పోయింది కానీ కబురు వెళ్ళలేదు. ఆ రెండు మాటల మీద వేలున్నంతసేపూ పేజీ కదలకుండా అతను కట్టేశాడు. మళ్ళీ తాకమన్నాడు. "వణికించండి" అని నోరు జారి నాలుక కరుచుకున్నాడు. "దానికి ఒకరు చెప్పాలా నాయనా, అదే చూసుకుంటుంది" అందామె. ఇద్దరూ నవ్వారు. చుట్టుపక్కల కుర్చీల్లోంచి తలలు లేచాయి. ఆమె చెయ్యి దాచుకోలేదు. యాభైసార్లు తాకితే యాభైసార్లూ అక్షరాలు నీలమై నల్లబడ్డాయి, యాభైసార్లూ కబురు వెళ్ళింది. ఎనిమిది నెలల్లో ఆ చెయ్యి చేసిన మొదటి నిజాయితీ పని అదేననిపించి, ఆమెకు ఒళ్ళంతా తేలికపడింది. భుజాలు ఇంత నొప్పిగా ఉన్నాయని అవి దిగాక గానీ తెలియలేదు.

బల్ల దగ్గరికొచ్చి రిజిస్టరు తెరిచింది. రెండో దశ పక్కన రాసింది: తాకుతున్నప్పుడు చెయ్యి వణకాలి. పరీక్షించినవారి చెయ్యి వణుకుతుంది. చదువుకుంది. చిన్న వాక్యాలు. వీటికా ఇంత భయపడ్డానని ఆశ్చర్యపోయింది.

విడుదల మర్నాటికి వాయిదా వేశామని చెప్పడానికి లీడు వచ్చింది. ఈసారి కూర్చుంది. "నెల్లాళ్ళు సెలవు పెట్టి డాక్టరుకు చూపించుకోండి పిన్నీ. మీ కుర్చీ ఎక్కడికీ పోదు. నిజం చెప్పాలంటే ఇలాంటి చెయ్యి ఇక్కడ ఒకటి ఉండాలి."

"చెయ్యి ఉండాలంటావు, బాగానే ఉంది. దాంతోపాటు నేను కూడా రావాలి కదమ్మా," అంది. "పొద్దస్తమానం ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకు కూర్చున్నాను. అలిసిపోయాను, రేపట్నుంచి ఇక రాను. దశలన్నీ రాసి పెట్టాను. ఇక్కడికి ఎవరొచ్చినా అలాగే చేయించు."

లీడు ఆమె ముఖం చూసి, యాప్ సంతకం కాగితం ముందుకు జరిపింది. ఆ ముఖంలో బతిమాలడానికి చోటు లేదు. ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. అక్షరాలు వంకర్లు పోయాయి. దిద్దలేదు.

గడ్డం రెండు కప్పుల్లో టీ తెచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టాడు. సాసరు మీద కప్పు చప్పుడు చేస్తుందని ఇన్నాళ్ళూ ఆఫీసులో ఆమె టీ మానేసింది, కడుపులో మంట అని చెప్పేది. ఇప్పుడు కప్పు ఎత్తింది. టకటకలాడింది. కొంత సాసర్లో ఒలికింది, కొంత వేళ్ళ మీద. గడ్డం తన టీ తాగుతూ, తన కూతురు లెక్కల్లో ఎంత మొద్దో చెబుతూ పోయాడు. ఆమె వింటూ, వేడిగా, తీరిగ్గా, ఆఖరి గుక్క దాకా తాగింది.

కింద ఖాళీ స్కూలు బస్సు వచ్చి ఆగింది. "మరి వస్తాను" అని సంచి భుజాన వేసుకుంది. రోజూ వెళ్ళేటప్పుడు అనే మాటే కాబట్టి చాలామంది తల ఎత్తలేదు. మెట్లు దిగుతుంటే కుడిచెయ్యి పక్కన దాని మానాన అది వణుకుతూ వచ్చింది. ఆమె దాన్ని పట్టుకోలేదు.

పైన, తొమ్మిది ఫోన్ల పక్కన, అడుగంటా తాగిన కప్పు ఉంది. దాని కింద సాసర్లో ఒలికిన టీ ఇంకా వెచ్చగానే ఉంది.