వదినె తల మీద ఒట్టు

మా ఆయన ఉర్దూల చదువుకున్నడు. గదే కొంప ముంచింది.

నిజాం బడిల చదివి గన్‌ఫౌండ్రీల ఒక దఫ్తర్‌ల గుమాస్తా అయిండు. పోలీస్ యాక్షన్ అయి నాలుగేండ్లు దాటినా తెలుగు మాత్రం కూడబలుక్కుంటనే చదువుతడు, అదీ పైకి, బడి పిల్లగాని లెక్క. నాకైతే మా నాయిన ఇంట్లనే నేర్పిండు. డిటెక్టివ్ నవల చేతుల ఉంటె పొయ్యి మీద పప్పు మాడినా నాకు తెల్వదు.

నాకంటె పిచ్చిది మా వదినె లక్ష్మీనర్సమ్మ. ఆయనకు అక్క, తల్లి పోతె సాకి పెద్ద చేసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను చదువుతుంటె వింటది, వింటనే హంతకున్ని పట్టుకుంటది. "వంటామెనే చంపింది, చూస్కో" అంటది. తప్పయితె రాసినోన్ని తిడతది.

గా యేడు ఆమె కడుపుల గడ్డ లేసింది. నాంపల్లిల దవాఖానల చేర్పించినం. కోసి తియ్యకుంటె బతకదన్నది డాక్టరమ్మ. వదినె వింటె గద! "కోసినంక లేస్తనో లేదో, గిట్లనే పోత" అని మొండికేసింది. ఆబిడ్స్‌కు పోయి ఒక నవల కొనుక్కొచ్చిన. జమీందారుకు పాలల్ల విషం కలిపిన కథ. మంచం పక్కన కూసోని రోజూ చదివిన. ఆఖరి అధ్యాయం కాడికి రాంగనే టక్కున మూసిన.

"ఏందే, ఆపినవ్?"

"ఆపరేషన్ చేయించుకో. లేసినంక చదువుత."

"నీ నోట్ల మన్ను పొయ్య! గిదేం అన్యాలమే!" అని తిట్టింది. తిట్టి తిట్టి ఒప్పుకుంది.

ఆపరేషన్ పొద్దున మా ఆయన ఛాయ్ పట్టుకోని వచ్చిండు. ఫికర్‌ల చేతులు ఊరుకోక పుస్తకం తీసిండు. ఉర్దూ పుస్తకం కుడి దిక్కు నుంచి మొదలైతది గదా, గా అలవాటున ఆఖరి పేజీ తెరిచిండు. తెరిచి పైకి చదివిండు.

"పా... లలో వి... షం కలి... పింది... కాంపౌండరే!"

వార్డంత విన్నది. వదినె మొఖం చిన్నగైంది. "అయిపాయె. ఇంకేముంది? నన్ను ఇంటికి తోల్కపోండ్రి" అని గోడ దిక్కు తిరిగింది.

"ముందేదో వెనకేదో తెల్వదా!" అని ఆయన మీదికి లేసిన. కొరుకుదామన్నంత కోపమొచ్చింది.

"వదినె, అది గీ కథ కాదు" అన్న. "మనం మళ్ల కొనాలని ఇంకో నవల ముక్క ఆఖర్ల అచ్చేస్తరు."

"నిజమేనా?"

"ఔ, నిజం."

"ఒట్టెయ్యి."

నర్సు అప్పటికే స్ట్రెచర్ బండి తెచ్చి నిలబడ్డది. ఆలోచించే యాళ్ల లేదు. వదినె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన. ఆమె నా మొఖం దిక్కు చూసింది. ఏమనకుండ బండి ఎక్కింది.

తలుపు మూసుకున్నంక తెలిసింది నేనేం చేసిన్నో. దొంగ ఒట్టు ఎవ్వరి తల మీద వేస్తె వాళ్లకే తగులుతది. నా తల మీద వేసుకున్నా బాగుండు గదా! లోపలి నుంచి ఎవ్వరు బయటికొచ్చినా లేసి ఎదురు ఉరికిన. ఆమె పోతె గడ్డ చంపినట్టు కాదు, నేను చంపినట్టే. "ఫికర్ చెయ్యకు" అన్నడు మా ఆయన. "నువ్వు మాట్లాడకు" అన్న.

ఆఖరికి డాక్టరమ్మ వచ్చి, గడ్డ తీసేసినం, మనిషి దక్కిందన్నది. వరండాల అందరి ముందట భోరున ఏడ్చిన.

మర్నాడు వదినెకు తెలివొచ్చింది. మంచినీళ్లు కూడ అడగలే. "పుస్తకం తియ్యి" అన్నది.

చదివిన. చదువుకుంట చదువుకుంట ఆఖరి పేజీకి వచ్చిన. ఆడ ఆపిన.

"ఆపినవేందే? కాంపౌండరే గద."

"నీకు తెలుసా, వదినె?"

"నా తల మీద నీ చెయ్యి గడగడ వణుకవట్టె. తెల్వదానె?"

"మరి ఏమనకుండ ఎందుకు పోయినవ్?"

"నీ ఒట్టు దొంగదని మొఖం మీదంటె నువ్వు ఏడుస్తవని పోయిన. లోపల మత్తుమందు ఇస్తుంటె భయమైంది. నేను గీడ చస్తె గీ పిచ్చి పిల్ల నన్ను తనే చంపిన్ననుకోని బతుకంత ఏడుస్తది గదా అనుకున్న. చచ్చేటందుకు కూడ లేకుండ చేసినవ్ పో. ఇగ ఏడ్చుడు ఆపి చదువు."