కెమెరాకు పెట్టిన బొట్టు

మా ఇంట్లో కారు పందేలు ఎవరమూ చూసేవాళ్లం కాదు. ఆటోనగర్‌లో నాకు లేత్ షెడ్డు ఉంది. రోజంతా బండ్ల మధ్యే ఉంటాను కనక, ఇంటికొచ్చి మళ్లీ టీవీలో బండ్లు చూడబుద్ధి కాదు. ఈ దసరాకు మాత్రం కేబుల్ అతన్ని పిలిచి హెచ్‌డీ పెట్టించాను. మా అమ్మాయి సింధూరి పని చూడాలని.

కారు పందేలను టీవీల్లో చూపించే ఒక కంపెనీలో ఆమె ఉద్యోగం. ఉండేది చెన్నైలో. పందెం కారు మీద, డ్రైవరు తలకు కాస్త వెనగ్గా, చిన్న డబ్బాలాంటి కెమెరా బిగిస్తారు. డ్రైవరుకు దారి ఎలా కనిపిస్తుందో మనకూ అలాగే కనిపిస్తుంది. ఆ కెమెరాలు బిగించడం, వాటి అద్దాలు తుడవడం, బొమ్మ సరిగా వస్తోందో లేదో చూసుకోవడం ఆమె పని. ఇన్నాళ్లూ ఒకరి కింద చేసింది. ఈసారి కెమెరాలన్నీ ఆమెకే అప్పగించారు. ఈ పందెం సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని, లేకపోతే ఆలోచించాల్సి ఉంటుందని చెప్పారట.

పందెం విజయదశమి నాడు పడింది. ముందురోజు మా షెడ్డులో ఆయుధపూజ చేసుకున్నాం. లేత్‌కు, డ్రిల్లింగ్ మెషీనుకు, పానాలకు కూడా గంధం, కుంకుమ పెట్టాం. పూజ చేసిన వస్తువు మీది బొట్టు మేం తుడవం. దానంతట అది పోవాలి. పొరపాటున చెరిగితే మళ్లీ పెడతాం. ఇంట్లో మా ఆవిడ రాజేశ్వరి మిక్సీకీ, ఫ్రిజ్‌కీ, టీవీకీ పెట్టింది.

మర్నాడు కొండ మీద అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చేసరికి పందెం మొదలవబోతోంది. పక్క షెడ్డు రాంబాబు కూడా వచ్చి కూర్చున్నాడు. బొమ్మ చూసి ఆశ్చర్యపోయాను. టైరుకు అంటుకున్న రబ్బరు తునకలు కనిపిస్తున్నాయి. డ్రైవరు చేతి తొడుగు మీది కుట్లు కనిపిస్తున్నాయి. అంతలో ఏడో నంబరు కారు మీది కెమెరా చూపించారు. బొమ్మ మధ్యలో ఎర్రటి మచ్చ. దాని వెనక దారి సగం కనబడటం లేదు.

టీవీకి పెట్టిన బొట్టు కారిందనుకుని తువ్వాలుతో తుడిచాను. పోలేదు. తాను బొట్టు పెట్టింది కింది అంచు మీదని, అద్దం మీద కాదని రాజేశ్వరి కసిరింది.

"హెచ్‌డీ కద బాబాయ్, మచ్చలు కూడా శుభ్రంగా కనబడతాయి" అన్నాడు రాంబాబు.

బొమ్మ మారింది. రోడ్డు పక్క కెమెరాలో అంతా తేటగా ఉంది. మళ్లీ ఏడో నంబరు కారు, మళ్లీ మచ్చ. రాంబాబు నవ్వు ఆపేశాడు. "బాబాయ్, అది మన టీవీ మీద కాదు. కారు మీదుంది."

ఆ తర్వాత ఆ కెమెరా మరి చూపించలేదు. ఆ కారు చివరిదాకా పోరాడి మొదట వచ్చింది. దానిలోంచి దారి ఎలా ఉందో మాత్రం ఎవరికీ కనబడలేదు. మేం ముగ్గురం కారు గెలవడం చూస్తూ కూడా సంతోషించలేకపోయాం.

సాయంత్రం సింధూరి ఫోన్ చేసింది. ఆ కారు పెద్ద మెకానిక్కు వీరభద్రయ్యగారట. మన ఉయ్యూరాయనే. ఒకప్పుడు చెరకు లారీలు బాగుచేసేవాడు. పూజ నాడు కారంతటికీ బొట్లు పెడుతూ కెమెరా అద్దానికీ పెట్టాడు. పొద్దున్నే సింధూరి చూసి తుడిచేసింది. పెద్దాయన పెట్టిన బొట్టు చెరిపానని ఆయనతో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆయన వచ్చి చూసుకుని, బొట్టు చెరిగిందనుకుని, కారు బయలుదేరే ముందు తడి కుంకుమతో మళ్లీ దిద్దాడు.

"పొద్దున మా సారుకి చెప్పాలి నాన్నా. వీరభద్రయ్యగారు పెట్టారని చెబితే ఆయన్ని అంటారు. నేనే చూసుకోలేదంటే నా ఉద్యోగం పోతుంది. ఏం చెప్పమంటావ్?"

వీరభద్రయ్యగారి స్థానంలో నేనుంటే నేనూ మళ్లీ పెట్టేవాణ్ణి. బొట్టు తుడిచినందుకే ఇలా అయిందా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. కానీ అమ్మవారికి కోపమే వస్తే ఆ కారు గెలుస్తుందా? నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. రెండూ జరిగాయి.

"రెండూ చెప్పమ్మా. ఆయన భక్తితో పెట్టాడు. నువ్వు చెప్పకుండా తుడిచావు. ఏదీ దాచొద్దు" అన్నాను.

రాజేశ్వరి ఫోను లాక్కుంది. "ఆ పెద్దాయనతో కూడా మాట్లాడవే. బొట్టు నొసట పెడతాం గానీ కంట్లో పెడతామా? అది దాని కన్ను అని చెప్పు."

మర్నాడు సింధూరి అలాగే చెప్పింది. సారు ఆయన్నేమీ అనలేదు. ఈమెతో మాత్రం, తుడిచిన సంగతి ఆయనకు చెప్పకపోవడమే నీ తప్పు అన్నారట. పర్మనెంటు ఆపేశారు. కోయంబత్తూరులో ఇంకో పందెం ఉంది, అది చూసి చెబుతామన్నారు. రాజేశ్వరి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

వీరభద్రయ్యగారితో మాట్లాడటం అంత తేలిగ్గా కాలేదట. బొట్టు తుడిచిన పిల్లతో నాకేం మాటలని ఆయన మొహం తిప్పుకున్నాడు. కోయంబత్తూరులో ఆయన కుంకుమ భరిణె తీయగానే సింధూరి వెళ్లి ఎదురుగా నిలబడి, వాళ్లమ్మ చెప్పిన మాట చెప్పింది. ఆయన కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడట.

"మరి దీని నొసలెక్కడో నువ్వే చూపించమ్మాయ్" అన్నాడట.

ఆమె డబ్బా పైభాగం చూపించింది. ఆయన అక్కడ పెట్టాడు.

ఆ పందెం కూడా మేం చూశాం. ఆఖరి చుట్టు మొత్తం ఏడో నంబరు కారులోంచే చూపించారు. ఆ కారు మూడో స్థానంలో వచ్చింది. సాయంత్రం ఫోన్లో సింధూరి, వచ్చే నెల నుంచి పర్మనెంటని చెప్పి, వీరభద్రయ్యగారు పిలుస్తున్నారంటూ ఫోను పెట్టేసింది.