ఎర్రగుంజ పక్కన పిట్ట

పడవవాడి చితికిన బొటనవేలికి ఐసు తీద్దామని ఫ్రీజర్ తలుపు తెరిచిన ఆమెకు, ట్రే వెనక గుడ్డసంచిలో, ఈ సీజనంతా ఒడ్డంతా గాలించినా దొరకని పిట్ట గడ్డకట్టి కనిపించింది.

సంచి మూతికున్న తాడు లాగి మరోసారి చూసింది. పిచ్చుకంత ఒళ్ళు, నల్లటి కాళ్ళు, చివర చెంచాలా వెడల్పయిన ముక్కు. ఇంత చిన్న పిట్టల్లో అలాంటి ముక్కు ఇంకొకదానికి లేదు. చెంచామూతి. పుస్తకంలో బొమ్మగా తప్ప ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు. చచ్చి దొరికిన పిట్టల్ని ఆ ఫ్రీజర్లో పెట్టడం మామూలే. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన చీటీ కాలికి కట్టి మరీ పెడతారు. దీని కాలికి చీటీ లేదు.

సంచిని ఉన్నచోటే పెట్టి తలుపు వేసింది. ఐసు తీసుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ తెరిచింది.

అది వలసపక్షుల పరిశీలన కేంద్రం. పేరే పెద్దది. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు, మేడ మీద టెలిస్కోపు పెట్టుకోవడానికి రేకుల గూడు. వానలు వెనకపట్టగానే ఉత్తరం నుంచి దిగే పిట్టల్ని సన్నవలల్లో పట్టి, కాలికి ఉంగరం వేసి వదిలేయడం వాళ్ళ పని. ఆటు వచ్చినప్పుడు ఎదురుగా బయటపడే బురదమేట మీదే ఆ పిట్టలన్నీ మేస్తాయి. ఈ చలికాలంలో ఓడరేవు తవ్విన మట్టిని తెచ్చి ఆ మేట మీద పోయబోతున్నారు. దాన్ని ఆపడానికి, అనుమతులిచ్చే కమిటీ ఒకే ఒక్క దారి వదిలింది. చెంచామూతి ఆ మేట మీద మేస్తుండగా కమిటీ మనిషి స్వయంగా చూడాలి. ఆ మనిషి రేపు పొద్దున్న ఆటు వేళకి వస్తున్నాడు. అతను కూర్చోవడానికి కాళ్ళు ఊగని కుర్చీ ఒకటి వెతికి, తుడిచి, మేడ మీద పెట్టింది కూడా.

చెంచామూతి వచ్చిందని మొదట చెప్పింది మావయ్య. ఆమె తల్లికి తమ్ముడు, ఈ కేంద్రానికి పెద్ద. ఆమెకి నడక వచ్చినప్పటి నుంచి పిట్టల పేర్లు నేర్పింది ఆయనే. సీజన్ మొదట్లో ఒక ఉదయం మంచం దగ్గరకొచ్చి, చూశానమ్మా అన్నాడు. గొంతు వణికింది. సంతోషం అనుకుంది. ఆ తర్వాత కూడా అడపాదడపా కనిపించిందనే చెబుతూ వచ్చాడు. చెప్పినప్పుడల్లా ఆమె ఉన్నపళంగా పరిగెత్తింది. ఎంత పరిగెత్తినా, ఇప్పుడే లేచిపోయింది అనేవాడు. పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళలో ఒక్క మనిషి చూస్తే లెక్కలోకి రాదు, రెండో మనిషి కూడా చూడాలి. ఆ రెండో మనిషి తానే కావాలని మోకాలి లోతు బురదలో తిరిగి తిరిగి ఆమె కాళ్ళు పుండ్లు పడ్డాయి.

వాకిట్లో పడవవాడు వేలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ అతన్ని బాతు అంటారు. నడక అలాంటిది. మేట మధ్యలో పడవలకి గుర్తుగా పాతిన ఎర్రగుంజ మొదలు కుళ్ళిపోతే, పొద్దున్నే దాన్ని పీకి పడవలో వేసుకొచ్చాడు. రెండు ఇటుకల మీద పడుకోబెట్టి కొత్త దుంగ అతికిస్తూ సుత్తి వేలి మీద దించుకున్నాడు.

"ఐసు కోసం ఉత్తరధ్రువం దాకా వెళ్ళొచ్చావా చెల్లెమ్మా?"

ఆమె నవ్వలేదు. వేలికి ఐసు చుట్టి గుడ్డ కడుతూ, ఈ మధ్య మేట మీద చేపలవల ఏమైనా వేశావా అన్నా అని మామూలుగా అడిగింది.

"వేస్తే మీ మావయ్య నా తోలు వలిచి ఈ గుంజకే ఆరేస్తాడు. ఎందుకు, కమిటీ ఆయనకి చేపల పులుసు పెడదామనా?"

అతని మొహంలో వేలి నొప్పి తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. నమ్మితే మిగిలేది ఎవరో ఆలోచించాలి మరి.

లోపలికి వెళ్ళి, సంచి తీసి, ఉంగరాలు వేసే బల్ల మీద దీపం వెలిగించింది. ఎడమరెక్క మడతలో దారం ముక్క చిక్కుకుని ఉంది. వెంట్రుకంత సన్నం, నలుపు. బాతు వలలు నీలం నైలానువి, పురికొసంత మందం. ఈ దారం కేంద్రం వలది. పైగా దాన్ని లాగి తెంపలేదు, కత్తెరతో ఒద్దికగా కత్తిరించారు. ఒక్క ఈక కూడా విరగలేదు. పిట్టల్ని వలలోంచి విడదీయడం బాగా అలవాటైన చెయ్యి. అలాంటి చేతులు ఈ ఇంట్లో ఇద్దరివే ఉన్నాయి. అందులో ఒకరు తను.

ఆమె పిట్టని తిరిగి సంచిలో పెట్టింది.

సన్నవల అరలు అరలుగా వేలాడుతుంది. సాయంత్రం పని అయ్యాక అరలన్నీ చుట్టి కట్టేయాలి. ఒక్కటి విప్పి ఉన్నా చాలు, చీకట్లో దిగే పిట్ట అందులో పడి, తలకిందులుగా వేలాడి, కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోతుంది. అందుకే కట్టిన మనిషి ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్ళీ నడిచి చూసుకోవాలి. ఈ సీజన్లో ఆ పని మావయ్య ఎవరికీ ఇవ్వలేదు. రోజంతా బురదలో తిరిగావు, నువ్వు వెళ్ళి పడుకో, నేను చూసుకుంటా అని పంపేసేవాడు. మేనకోడలి మీద ప్రేమ అనుకుంది.

సంచి పట్టుకుని మేడ ఎక్కింది. మావయ్య టెలిస్కోపుకి కన్ను ఆనించి ఉన్నాడు. మెట్ల మీద ఆమె అడుగు విని, తల తిప్పకుండానే మాట్లాడాడు.

"వచ్చావా. ఇప్పుడే లేచిపోయిందమ్మా. ఇంతసేపూ నిమ్మళంగా మేసింది. రేపు కూడా తప్పకుండా వస్తుంది."

"ఎక్కడ మేసింది?"

"ఎర్రగుంజ పక్కన. గుంజకి కుడివైపు."

కింద వాకిట్లో సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. బాతు ఎడమచేత్తో కొడుతున్నట్టున్నాడు, దెబ్బకీ దెబ్బకీ పొంతన లేదు. ఆమె పిట్టగోడ మీంచి తొంగిచూసింది. ఎర్రగుంజ ఇటుకల మీద పడుకుని ఉంది. తలెత్తి మేట వైపు చూసింది. బూడిదరంగు బురద, దాని మీద నెమ్మదిగా పాకుతున్న పోటునీరు. పిట్ట లేదు, గుంజా లేదు.

ఈ సీజన్లో జరిగినవన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. గుంపులో ఒక పిట్టని చూపించి, అది ఏ కాలి మీద నిలబడిందో చెప్పు చూద్దాం అనేవాడు. పరీక్ష పెడుతున్నాడనుకుని చదువుకునే పిల్లలా జవాబు చెప్పేది. టీ గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి తడిమేవాడు. ధ్యాసంతా పిట్టల మీదే అని బాతూ తనూ చాటుగా నవ్వుకునేవాళ్ళు.

"గుంజ వాకిట్లో ఉంది మావయ్యా."

ఆయన టెలిస్కోపు మీంచి కన్ను తీశాడు. సుత్తి చప్పుడు అప్పుడే విన్నట్టు ఆ వైపు తల తిప్పాడు.

ఆమె సంచిని ఆయన అరచేతిలో పెట్టింది. ఏమిటిది అని ఆయన అడగలేదు. చల్లదనానికి చెయ్యి వెనక్కీ తీసుకోలేదు. బొటనవేలు గుడ్డ మీంచే నేరుగా ముక్కు చివరికి వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

బాతన్న వలలో పడిందా అని అడిగింది ఆమె. అవునంటే నమ్మడానికి ఆ క్షణంలో సిద్ధంగానే ఉంది. ఆయన కమిటీ మనిషి కోసం తుడిచిపెట్టిన కుర్చీని తడుముకుని కూర్చున్నాడు.

"వాణ్ణి ఇందులోకి లాగకు. నేనే చేశాను. పోయిన ఏడాది నుంచి నా చూపు మధ్యలో బూడిద పూసినట్టు ఒక మరక. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. పోయిన చూపు ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు. చెబితే నన్ను ఈ మెట్లు ఎక్కనివ్వరని ఎవరికీ చెప్పలేదు. చూశానని నీకు మొదటిసారి చెప్పానే, దాని ముందురోజు సాయంత్రం వల కట్టాను. మళ్ళీ నడిచి చూసుకున్నాను కూడా. చూసుకోవడమంటే, ఊరికే నడిచాను. తెల్లారి విప్పుదామని చెయ్యి వేస్తే పై అరలో చల్లగా తగిలింది. ఏదో మామూలు ఉల్లంకి పిట్ట అనుకుని, పాపం అనుకుంటూ కత్తెరతో విడదీశాను. చీటీ రాయడానికి ముక్కు కొలుద్దామని వేలు పెట్టాను. వయసులో ఉన్నప్పటి నుంచి దీని కోసమే ఈ ఒడ్డున కూర్చున్నాను కదమ్మా. పారేయడానికి చెయ్యి రాలేదు. చీటీ కట్టడానికీ రాలేదు. మన వలలోనే చచ్చిందని తెలిస్తే మేటా పోతుంది, కేంద్రమూ పోతుంది. ఒకటి వచ్చిందంటే ఇంకోటి వెనకే ఉంటుందని, నేను చూశానంటే నువ్వు వదలకుండా వెతుకుతావని, నీ కంటికైనా పడుతుందని ఆశపడ్డాను. అందుకే అన్నిసార్లు అబద్ధం చెప్పి నిన్ను ఆ బురదలోకి తోశాను. రాలేదు. ఇంకోటి లేదు. రేపు ఆయనకి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. బతికుండగా దాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అది వచ్చిందని నా కళ్ళకి తెలియనే తెలియదు, ఈ వేలికే తెలిసింది."