మామగారి చెయ్యి

"ఫోను పట్టుకోవడం కూడా నేర్పాలా నీకు?" అన్నాడు భర్త, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ.

ఆమె స్టవ్వు దగ్గర నిలబడి ఉంది. ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో పాప డబ్బా మూత బిగిస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని అత్తగారి మోకాళ్ళ నొప్పుల సంగతి వింటోంది. మందు పేరు చెబుతుండగా మాట తెగిపోయింది. ఆమె చెయ్యి తుడుచుకుని తిరిగి చేసేలోపే హాల్లో అతని ఫోను మోగింది. "మీ ఆవిడకి నా మాటలంటే విసుగురా. రోజూ మధ్యలో పెట్టేస్తోంది" అని స్పీకర్లో అత్తగారు అనడం వంటింట్లోకి కూడా వినబడింది. అతను వచ్చి ఆమె ఫోను తీసుకుని, దాంతోనే తల్లికి చేసి, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరుగుతూ తీరిగ్గా మాట్లాడాడు. ఒక్క గరగర లేదు. "నా దగ్గర బానే ఉందే" అని బల్ల మీద పడేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఎందుకంటే ఫోన్లో మాట తెగకుండా చూడటమే ఆమె ఉద్యోగం. ఫోనుకీ టవరుకీ మధ్య మాట మోసే చిప్పులు తయారు చేసే కంపెనీ పరిశోధన విభాగంలో పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తోంది. ఈ కొత్త చిప్పుకి ఒక తెలివి పెట్టారు. ఫోనుకి పైన ఒకటి, కింద ఒకటి, రెండు యాంటెన్నాలుంటాయి. చెయ్యి దేన్ని కప్పిందో చిప్పే ఊహించి, రెండోదాని మీదుగా మాట పంపిస్తుంది. ఆ ఊహ సరిగ్గా ఉందో లేదో కొలిచి సంతకం పెట్టేది ఆమె. ఇంటి దగ్గర కూడా వాడి చూడమని ఉద్యోగులకి ఆ చిప్పున్న ఫోన్లే ఇచ్చారు. కొలతల్లో అంతా బ్రహ్మాండంగా వచ్చింది కాబట్టి, ఇంట్లో మాట తెగితే గోడలు మందమేమో అనుకుంది, తర్వాత టవరు దూరమేమో అనుకుంది. చివరికి, అతను రోజూ అంటున్నట్టు, నాకే పట్టుకోవడం రాదేమో అని కూడా అనుకుంది. ఏదైనా చెడితే ముందు తననే అనుమానించుకోవడం ఆమెకి ఎప్పటినుంచో అలవాటు. పాలు విరిగినా అంతే, పాపకి జలుబు చేసినా అంతే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ల్యాబు బయట బల్ల మీద రెండు చేతులా కేబులు బిగిస్తుంటే క్రెష్ నుంచి ఫోనొచ్చింది. భుజంతో నొక్కిపెట్టి ఎత్తింది. "అమ్మా, పాపకి..." అంతే. తెగిపోయింది. చేతిలో పని వదిలేయలేక మళ్ళీ అలాగే నొక్కిపెట్టి చేసింది. మోగింది, ఎత్తారు, తెగింది. ఆ తర్వాత ఆ లైను దొరకనేలేదు. మేనేజరుకి చెప్పి పరుగెత్తింది. వెళ్ళేసరికి పాప వరండాలో బెంచీ మీద ఆయమ్మ ఒళ్ళో ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, గౌను ముందుభాగం నిండా వాంతి.

"మీకే చేశామమ్మా. మీరు పెట్టేస్తే పనిలో ఉన్నారేమో అనుకున్నాం" అంది ఆయమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, భర్త బూట్లు విప్పుతూ, "పిల్ల ఫోను కూడా కట్ చేసేంత పనేమిటో!" అన్నాడు. అత్తగారు ఫోన్లో, "ఉద్యోగం వద్దని నేనననమ్మా. తల్లివి కూడా కదా, అది గుర్తుంటే చాలు" అంది. అతను పనిచేసే బ్యాంకు క్రెష్‌కి నాలుగు వీధుల అవతల. ఆమె ఆఫీసు ఊరికి ఆ చివర. అతనికెందుకు చేయలేదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఆమె కూడా చాలాసేపటికి గాని ఆ ప్రశ్న దాకా రాలేదు. వచ్చాక మాత్రం అది కదలలేదు.

పాప తేరుకున్నాక ఆమె ల్యాబుకి వెళ్ళి నేరుగా కొలతల గదిలోకి నడిచింది. గోడల నిండా నీలం నురగ ముళ్ళతో, తలుపు వేస్తే తన గుటక తనకే వినబడే గది అది. మధ్యలో తిరిగే పీట మీద రబ్బరు బొమ్మ. తల, మెడ, చెవి దగ్గర ఫోను పట్టుకున్న చెయ్యి. టెక్నీషియన్లు ఆ బొమ్మకి మామగారు అని పేరు పెట్టారు. నోరు విప్పడు, చోటు కదలడు, కానీ ఆయన ఒప్పుకోందే ఏదీ గడప దాటదు అని నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. మామగారి చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసింది. ఆమె వేళ్ళు ఆయన వేళ్ళ చివరి కణుపు దగ్గరే ఆగిపోయాయి. ల్యాబు పెట్టినప్పుడు కొన్నది ఆ ఒక్క చెయ్యే. చిప్పుకి ఊహించడం నేర్పిందీ, ఆ ఊహని కొలిచిందీ దాంతోనే. చిప్పుకి లోకమంటే ఆ చెయ్యే.

ఆమె బయటికొచ్చి రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయిని పిలుచుకొచ్చింది. ఆ తర్వాత అకౌంట్స్‌లో ఉండే ఆవిడని, గదులు తుడిచే ఆమెని, క్యాంటీన్ పెద్దావిడని. మామగారిని దించి, ఒక్కొక్కరినీ పీట మీద కూర్చోబెట్టి, రోజూ ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోమంది. నలుగురిలో ముగ్గురు అడక్కుండానే భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఖాళీ అయిన చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. చిన్న చెయ్యి పట్టినా, భుజం నొక్కినా చిప్పు ఊహ తప్పుతోంది. కప్పేసి ఉన్న యాంటెన్నానే ఎంచుకుంటోంది. తెరమీద సిగ్నల్ గీత జారి నేలకి పడుతోంది.

"నాకూ ఇంటి దగ్గర ఇలాగే పోతుందండీ. అందరికీ బాగుంది కదా, నాదే తప్పనుకున్నా" అంది అకౌంట్స్ ఆవిడ.

ఆమె అకౌంట్స్ ఆవిడ దగ్గర్నుంచి ఫోను తీసుకుంది. ఎందరు ఆడవాళ్ళు ఎన్ని వంటిళ్ళలో, ఎన్ని బస్సుల్లో, చంకలో పిల్లతోనో చేతిలో సంచితోనో నిలబడి, నాదే తప్పు అనుకుంటున్నారో! ఆ మాట అనుకునేలా చేసిన యంత్రానికి బాగుందని సంతకం పెట్టింది తనే. ఆ సిగ్గు కాసేపు ఆమెని కుదిపింది. కానీ అది ఎప్పటిలా లోపలికి ఇంకిపోలేదు. కోపమై పైకి లేచింది.

చిప్పు విడుదలకి ముందు జరిగే సమావేశంలో బల్ల చుట్టూ అందరూ మగవాళ్ళే. ఆమె గీతలు చూపించింది. డైరెక్టరు కళ్ళజోడు తీసి నవ్వాడు.

"అదేంటండీ, ఫోనుని భుజానికి ఇరికించుకుని ఎవరు మాట్లాడతారు?"

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. 

"రెండు చేతులూ ఖాళీ లేనివాళ్ళు" అంది ఆమె.

ఒకాయన మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"సరే, మీ బాధ అర్థమైంది" అన్నాడు డైరెక్టరు, పిల్లని ఊరడించే గొంతుతో. "ఫోనుతో ఇచ్చే పుస్తకంలో ఎలా పట్టుకోవాలో ఒక ముక్క రాద్దాం. మీరే రాయండి. ఆడవాళ్ళకి చెప్పే పద్ధతి మీకైతే తెలుస్తుంది."

ఎలా పట్టుకోవాలో. ఆ మాట వినగానే ఆమెకి స్టవ్వు వేడీ, చేతికంటిన నూనే, వరండాలో ముడుచుకున్న పాపా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కూర ఎలా కలపాలో, అత్తగారికి ఎలా బదులివ్వాలో, సమావేశంలో ఎంత గొంతుతో మాట్లాడాలో, అన్నీ ఆమెకి ఎవరో ఒకరు నేర్పుతూనే వచ్చారు. ఇప్పుడు అదే పాఠం ఆమె చేత, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకి చెప్పించాలని చూస్తున్నారు.

"రాయనండీ. ఈ చిప్పు ఫెయిలైంది. అలాగే రాసి పొద్దున్నే సంతకం పెట్టాను."

"విడుదల ఆగిపోతుంది, తెలుసా?"

"తెలుసు. అన్ని రకాల చేతులతో కొలిచి దానికి మళ్ళీ నేర్పాలి. ఆ పని నాకివ్వండి, ఇద్దరు మనుషుల్నివ్వండి. నా ఇప్పటి పనికి అదనంగా మాత్రం కాదు."

"ఆలోచిద్దాం" అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా.

"ఆలోచించండి. సంతకం మాత్రం మారదు."

విడుదల ఆగింది. పది రోజుల దాకా ఆమెతో మెట్ల మీద కూడా ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఒక మనిషిని ఇచ్చారు, ఇద్దర్ని కాదు. రెండో మనిషి కోసం ఆమె వారం వారం అడుగుతూనే ఉంది.

భర్తకి సంగతంతా చెప్పినప్పుడు అతను టీవీ శబ్దం తగ్గించి విన్నాడు. "అంటే తప్పు ఫోనుదే అన్నమాట" అన్నాడు. క్షమించమంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. "అయినా అంత పెద్దాయన్ని అందరి ముందూ అలా అనాల్సింది కాదు. నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది" అని శబ్దం పెంచాడు.

బదులు చెప్పాల్సిన చోటు ఇది కాదనుకుని, ఆమె పాప సంచీ సర్దడానికి లేచింది.

మర్నాడు పాపని దింపడానికి ముగ్గురూ కలిసి వెళ్ళారు. అతను గేటు దగ్గర బండి ఆపి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె ఆయమ్మకి సంచీ అందించి, అతనికి వినబడేలాగే చెప్పింది. "ఇకమీదట పాపకి ఏదైనా అయితే ముందు వాళ్ళ నాన్నకి ఫోన్ చేయండి. ఆయన దగ్గర్లోనే ఉంటారు."

ఆయమ్మ బండి వైపు చూసి గొంతు తగ్గించింది. "నాన్నలకి చేస్తే మీటింగులో ఉన్నామంటారమ్మా."

"నేనూ మీటింగులోనే ఉంటాను" అంది ఆమె.