గాల్లో స్టేజీలు

"గాల్లో ఇంజను ఆగిపోతే పక్కకు ఆపుకోనీకి జాగా యాడుంటది?"

ఫజిలత్ అడిగింది ఎవరినీ కాదు. బూర్గంపాడు బజారులో తమ కొట్టు ముందు కూర్చుని, మోచేతుల దాకా చేతులు దూర్చి, పరుపు గలీబులోకి దూది కూరుతోంది. కనురెప్పల మీద కూడా దూది నూగు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఇదే పని.

కూతురు మహీన్ ఈ పూట గన్నవరంలో విమానం ఎక్కుతోంది. కడప దవాఖానాలో రక్తపరీక్షల ఉద్యోగం. టికెట్ దవాఖానా వాళ్లే తీశారు. "రైలుకైతే రాత్రంతా, విమానానికి గంటా చిల్లర," అని మహీన్ చెప్పినప్పటి నుంచీ ఫజిలత్‌కు అదే ధ్యాస. ఖమ్మం బస్సుకే పూట గడుస్తుంది కదా, అంత దూరం గంటలో ఎట్లా? నడుమ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉండరా?

"గాల్లో స్టేజీలుండవు వదినా," పాత పరుపు తెచ్చిన సువర్ణ నవ్వింది. "కండక్టరమ్మ అయితే ఉంటదంట. టికెట్ కొట్టదు, మంచినీళ్లిస్తదంట."

"కిటికీ తెరుచుకుంటే?"

"నీ బిడ్డ తెరవదు గానీ, నువ్వెక్కితే తెరుస్తవ్!"

ఫజిలత్ కూడా నవ్వింది. లోపలి భయం మాత్రం కదల్లేదు. దూరప్రయాణమంటే నాణెం పచ్చగుడ్డలో చుట్టి కుడిచేతికి రక్షగా ఇమామ్ జామీన్ కట్టాలి. వాళ్లింట్లో అది తండ్రి కట్టేది. కానీ మహీన్ భద్రాచలంలో పని వదిలి కడప పోతానన్న రోజు నుంచీ సిరాజుద్దీన్‌కు కూతురితో మాటల్లేవు. బయల్దేరేముందు మహీన్ చెయ్యి చాపి నిలబడితే, దూదేకే మిషను ఆన్ చేసి తల వంచుకున్నాడు. చివరికి ఫజిలతే కట్టింది. తల్లి కట్టిన ముడి పైవాడి లెక్కలోకి వస్తుందా?

ఫోన్ మోగింది. "లోపలికి పోయినమ్మా. ఫోన్ బందు పెడుతున్న."

లోపలికి పోయిందంటే కదిలినట్టే. బస్సయితే అంతే కదా, ఎక్కగానే రైట్ రైట్. గంటా చిల్లరంటే ఒక పరుపు అంచు కుట్టేంత సేపు. ఫజిలత్ దబ్బనం అందుకుంది. కుట్టు నాలుగు మూలలూ తిరిగింది. ఫోన్ మోగలేదు. తను చేస్తే కలవలేదు. ఇంకో పరుపు మొదలుపెట్టింది. ఎన్నడూ లేనిది కుట్టు వంకర పోయింది. సువర్ణ నవ్వడం మానేసి పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, నీ పంతం సల్లగుండ! బిడ్డ నీ చేతి ముడి లేకుండ పోయె," ఫజిలత్ దబ్బనం పక్కన పడేసింది.

సిరాజుద్దీన్ మిషను ఆపాడు. వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు మోగింది ఫోన్.

"దిగినమ్మా! లోపల శానాసేపు కూసోబెట్టి అప్పుడు విమానం ఎక్కించిండ్రు. మబ్బుల మీదికెళ్లి పోయినం తెలుసా? గడ్డ లేకుండ, అచ్చం నాయిన ఏకిన దూదే." అంతలోనే గొంతు తగ్గించింది. "నాయిన ఉన్నడా?"

ఫజిలత్ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఫోన్ మొగుడి చెవికి ఆనించింది. అతను దాన్ని పట్టుకోలేదు, తోసేయనూ లేదు.

"నాయినా?"

బజారులో ఆటో ఒకటి పోయింది. సిరాజుద్దీన్ చూపు కొట్టు లోపలి గోడ మీద ఆగింది.

"కడపల ఎండలు బాగ మండుతయంట గదా బిడ్డా," అన్నాడు చివరికి. "నీ గొడుగు ఈడ్నే మేకుకు మరిచినవ్."